మూడు చుక్కల రొట్టె

మా వదిన బ్రియోలాంజ రెండు ఓడరొట్టెలు చెవి దగ్గర పెట్టుకుని టకటకా కొట్టిందంటే, బట్టీల దగ్గర ఎంత గోలగా ఉన్నా అందరూ నోళ్ళు మూసుకునేవాళ్ళు. రొట్టెలు పెంకుల్లా ఖంగుమంటే సంచిలోకి. దుప్పటి మీద కొట్టినట్టు మెత్తగా వినబడితే లోపల ఇంకా తడి ఉన్నట్టే, పందులకి. రాజుగారి మనుషులు పక్కన నిలబడి తొందరపెట్టినా ఈ రెండు మాటలు తప్ప మూడో మాట ఆమె నోటంట వచ్చేది కాదు.

నా పేరు బస్తియాన్. తేజో నది మీద పడవ నడుపుతాను. మా గట్టున కాల్చిన రొట్టెల్ని ఎదురుగా లిస్బన్ రేవులో ఆగిన ఓడలకి చేర్చడం నా పని. బ్రియోలాంజ మా అన్న గాస్పార్ భార్య. ఆమె సంగతులు చెప్పాలంటే నాకంటే తగినవాడు లేడు, ఎందుకంటే ఆమె కట్టిన ప్రతి సంచీ నా పడవలోనే నది దాటింది. ఆమె గొప్పదనం చెబుతాను. నా వెధవ పని కూడా చెబుతాను. రెండూ ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి, విడదీయడం నా వల్ల కాలేదు.

ఓడరొట్టె ఇంట్లో తినే రొట్టెలాంటిది కాదు. ఒకసారి కాల్చి, చల్లార్చి, మళ్ళీ కాల్చాలి. ఆ తర్వాత బట్టీల పైన ఉన్న అటక మీద మూడు వారాలు పరిచి ఉంచాలి. కింద మంట వేడికి మిగిలిన కాస్త తడీ ఆరిపోతుంది. ఆ మూడు వారాల్నీ మావాళ్ళు నిద్ర అంటారు. నిద్ర చాలని రొట్టెని సంచిలో కట్టేస్తే కొన్నాళ్ళకే లోపల్నుంచి పచ్చగా బూజు పడుతుంది. పైకి ఏమీ తెలియదు. తుంచి చూస్తే తప్ప కనబడదు.

బట్టీల దగ్గర ఎనిమిది మంది పెద్దమ్మలు ఉండేవాళ్ళు. ఒక్కొక్కరి కింద పదిమంది ఆడవాళ్ళు. ఎవరి రొట్టె మీద వాళ్ళ గుర్తు ఎముక ముల్లుతో పొడవాలి. వదిన గుర్తు మూడు చుక్కలు, కింద ఒక శిలువ. సంచి మీద కూడా తారుతో అదే గుర్తు వేసేది.

ఆమె ఆ పనిలోకి వచ్చిన తీరు చెప్పాలి. వాళ్ళ నాన్న ఆఫ్రికా తీరంలోని మీనా కోటకి పోయే ఓడలో నావికుడు. వదినకి పదకొండేళ్ళప్పుడు ఆ ఓడ తిరిగొచ్చింది. బంగారం వచ్చింది, ఏనుగు దంతాలు వచ్చాయి, ఆయన టోపీ వచ్చింది, ఆయన రాలేదు. తుఫాను కాదు, యుద్ధం కాదు, పుచ్చిన రొట్టె తిని కడుపు పట్టుకుని పోయాడని తోటివాళ్ళు చెప్పారు. ఆ మాట విని వాళ్ళమ్మ కూలబడి ఏడ్చింది. పిల్ల మాత్రం తిన్నగా బట్టీల దగ్గరికి పోయి పని ఇమ్మని అడిగిందట. ఇరవై ఐదేళ్ళకే పెద్దమ్మ అయింది. మోచేతుల దాకా కాలిన మచ్చలు, మగవాళ్ళని మించిన భుజాలు, ముక్కు మీద కోపం. "నా గుర్తున్న రొట్టె తిని ఇంతవరకు ఒక్కడు పోలేదు" అని ఎక్కడైనా, ఎవరి ముందైనా అనేది. అది గొప్ప కోసం అనే మాట కాదు. ఆమె బతుకంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

మా అన్న ఆమెని మొదట చూసింది కూడా బట్టీ దగ్గరే. సంచులు ఎత్తడానికి నాతోపాటు వచ్చాడు. అన్న కళ్ళు ఎక్కడ తిరుగుతున్నాయో ఆమె కనిపెట్టింది. రెండు రొట్టెలు తీసుకుని వాడి చెవి దగ్గర కొట్టింది.

"ఏం వినబడింది?"

"ఆకలి" అన్నాడు మా అన్న.

ఆమె నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. ఈస్టరు వెళ్ళాక పెళ్ళయింది.

మా అన్నకి కాళ్ళు నిలవవు. మదీరా దీవికి రెండుసార్లు, మీనాకి ఒకసారి పోయొచ్చాడు. ఆ ఏడు తూర్పు దేశానికి పోయే పెద్ద ఓడల దండులో సాంతా ఇరియా అనే ఓడలో తిండి కొట్టు చూసుకునే పని దొరికింది. తిండి కొట్టువాడంటే నూట ఇరవై మందికి రోజూ రొట్టె, ద్రాక్షసారా కొలిచి ఇచ్చేవాడు. ఉపవాస దినాలు. శనగలూ వెల్లుల్లీ ఆలివ్ నూనెలో ఉడికించి ముగ్గురం తింటున్నాం. వదిన మొదలుపెట్టింది.

"మిరియాలు లేకపోతే రాజుగారికి ముద్ద దిగదా?"

"ముద్ద గురించి కాదే. ఆ గింజలు ఇన్నాళ్ళూ వెనిస్ షావుకార్ల చేతుల మీదుగా వచ్చేవి. ఇప్పుడు మనమే పోయి తెచ్చుకుంటాం. పాదిరిగారేమో అక్కడివాళ్ళకి దేవుణ్ణి చూపిస్తానంటాడు."

"అక్కడ దేవుడు లేడా?"

"ఆ మాట నన్నడక్కు, పాదిరిగారిని అడుగు."

"రాజుగారికి మిరియాలు, పాదిరిగారికి ఆత్మలు, కెప్టెన్‌కి పేరు. నీకేంటయ్యా?"

అన్న గరిటెతో గిన్నె అడుగు గీకాడు. "నాకు ఆ మిరియాల చెట్టు చూడాలనుందే" అన్నాడు.

"చెట్టా! చెట్టు చూడ్డానికి రెండేళ్ళు సముద్రం మీద పడతావా? మన వెనకాల అడివంతా చెట్లే. పోయి చూడు, పొద్దుటికల్లా వచ్చెయ్యొచ్చు."

నేను పగలబడి నవ్వాను. ఆమె నవ్వలేదు. వాళ్ళ నాన్న టోపీ అదే గోడకి వేలాడుతోంది. ఆమె దానివంక చూసి, "సరే, పో. నీ ఓడలో రొట్టె మాత్రం ప్రతి ముక్కా నా చేతిదే అయి ఉండాలి. ఇంకొకరి రొట్టె నిన్ను ముట్టకూడదు" అంది.

తప్పు అక్కడే జరిగింది. ఆ తప్పు మా బట్టీల దగ్గర తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా జరగదు. ప్రేమ ఎక్కువై చేసిన తప్పు. ఒక ఓడ మొత్తానికి సరిపడా రొట్టె ఒక్క పెద్దమ్మ చెయ్యడం ఎప్పుడూ లేదు. చేతులు చేశాయి గాని అటక చాల్లేదు. మొదటి రొట్టెలు నిద్రలో ఉండగానే తర్వాతివి వచ్చి పడ్డాయి. దండు మార్చి నెల దాటకుండా కదలాలి, లేకపోతే ఆ పైన అవతలి సముద్రంలో గాలి దొరకదు. ఆఖరి నలభై సంచుల రొట్టెని వదిన తొమ్మిది రోజులకే అటక మీదనుంచి దించేసింది. బట్టీలు రెట్టింపు మండుతున్నాయి కదా, ఆ వేడికి ఆరిపోయి ఉంటుందిలే అనుకుంది. చెవి దగ్గర కొట్టి చూసిందో లేదో అడగొద్దు. చూసే ఉంటుంది. వినాలనుకున్నదే విని ఉంటుంది. పైగా ఆ వారమంతా ముసురు. సంచులు నా పడవలో నది దాటి సాంతా ఇరియా కడుపులోకి చేరిపోయాయి.

ఓడలు కదలడానికి ముందు శనివారం సాయంత్రం, అన్నకి చివరి భోజనమని చేపల పులుసు పెట్టింది. అందులో నానెయ్యడానికి ఆ ఆఖరి విడతలో ఇంట్లో మిగిలిన రొట్టె ఒకటి తీసి బల్లకేసి కొట్టింది. ఆగిపోయింది. మళ్ళీ కొట్టింది. విరిచింది. లోపల దారప్పోగంత పచ్చటి గీత.

"ఏమైందే?" అన్నాడు అన్న.

"నీకు విషం కట్టి ఇచ్చాను" అంది. పులుసు అలాగే చల్లారిపోయింది.

సరుకుల లెక్క చూసే లియొనెల్ దొరకి చెబుదామని అన్న అన్నాడు. చెప్పాడు కూడా. దొర నవ్వి, ఓడ నిండా సర్దేసిన సరుకు ఎవరు దించుతారయ్యా, పోయి పడుకో అన్నాడట.

మర్నాడు ఆదివారం. లిస్బన్ పక్కన రెస్తేలో అనే రేవు ఒడ్డున నావికులందరూ కాళ్ళకి జోళ్ళు లేకుండా, చేతుల్లో వెలిగించిన కొవ్వొత్తులతో బారులు తీరి గుడినుంచి నీళ్ళదాకా నడుస్తారు. పాదిరులు ముందు పాడుతూ పోతారు. లిస్బన్ అంతా అక్కడే ఉంటుంది. ఆడవాళ్ళ ఏడుపులో పాట వినబడదు. ఆ ఊరేగింపుకి మధ్యలో, సాంతా ఇరియా కెప్టెన్ ఎదురుగా, పిండి మరకల పావడాతో మా వదిన పోయి నిలబడింది. చేతుల్లో రెండు రొట్టెలు. నేను వెనకే ఉన్నాను.

"అమ్మా, పక్కకి జరుగు. దేవుడి పని జరుగుతోంది" అన్నాడు పాదిరి.

"జరుగుతానండి. దేవుడి పని అయ్యాక వీళ్ళు తిండి తినాలి కదా, దాని సంగతి చెప్పి జరుగుతాను." కెప్టెన్ వైపు తిరిగింది. "అయ్యా, మీ ఓడలో నలభై సంచుల చెడ్డ రొట్టె ఉంది."

"ఎవరు చేశారు?"

"నేనే."

కెప్టెన్ ఆమె చేతుల్లోని రొట్టెలవైపు చూశాడు.

"మా ఆయన ఎక్కే ఓడ అని అంతా నా చేత్తోనే చెయ్యాలని పట్టుబట్టాను. మూడు వారాలు ఆరాల్సింది తొమ్మిది రోజులకే దించాను. తప్పు నాది. కావాలంటే వినండి." ఆయన చెవి దగ్గర కొట్టి చూపించింది. ఆ మహానుభావుడికి పెంకుకీ దుప్పటికీ తేడా తెలిస్తేగా! అందుకని విరిచి ముక్కు కింద పెట్టింది. ఆయన మొహం చిట్లించాడు.

"దీనికి కొరడా దెబ్బలు పడతాయి, తెలుసా?"

"తింటాను. నన్ను కొట్టడానికి ఏడాదంతా ఉందయ్యా. సంచులు దించడానికి మాత్రం గాలి తిరిగేదాకే వ్యవధి ఉంది."

బారులో ఉన్న ముసలి నావికుడొకడు ఉఫ్ అని కొవ్వొత్తి ఊదేసి ఇసకలో చతికిలబడ్డాడు. "ఆ సంచులు దిగితేనే నేనెక్కేది" అన్నాడు. వాడి పక్కవాడు కూర్చున్నాడు. పాట పాడుతున్న పాదిరులు వెనక్కి తిరిగి చూసేసరికి సాంతా ఇరియా మనుషులంతా నేల మీదే ఉన్నారు. కెప్టెన్ తెలివైనవాడు. ఇంతమందిని కొట్టి ఎక్కించలేనని గ్రహించాడు. "గాలి తిరిగేదాకా. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగను" అన్నాడు.

గాలి పడమటినుంచి వీస్తోంది. ఓడలు కదలవు. ఎప్పుడు తిరుగుతుందో ఎవడికీ తెలియదు. తెడ్డు వేసి వేసి నా వేళ్ళు బొబ్బలెక్కాయి. మా గట్టుకి చేరగానే వదిన మిగతా ఏడుగురు పెద్దమ్మల్నీ పిలిచింది. అందులో మెసియా అనే ఆవిడకీ వదినకీ పదేళ్ళుగా పడదు.

"ఏం బ్రియోలాంజా, చెవుడు గాని వచ్చిందా ఏంటి?" అంది మెసియా, నడుం మీద చేతులు పెట్టుకుని.

"వచ్చింది. నీ రొట్టె ఇయ్యి."

అందరూ తలా ఐదు సంచులిస్తే మెసియా పది ఇచ్చింది. వదిన ప్రతి సంచీ విప్పి కొట్టి విని మళ్ళీ కట్టింది. మెసియా ఎదురుగానే ఆమె రొట్టె కూడా విన్నది. "నా రొట్టెనే వింటావా!" అని మెసియా ఒంటికాలి మీద లేచింది. "నాదే వినలేదు, అందుకే ఇంత దూరం వచ్చింది" అంది వదిన.

సోమవారం మధ్యాహ్నానికి మంచి సంచులు ఎక్కాయి, చెడ్డవి నలభై నా పడవలోకి దిగాయి. వదిన ఒడ్డునుంచి కేక పెట్టింది. "బస్తియాన్! నది మధ్యకి పోయి విప్పి పారబొయ్యి. బూజు పట్టింది పందులకి కూడా పెట్టొద్దు. సంచులు మాత్రం తీసుకురా, మంచి గుడ్డ అది!"

అలాగే వదినా అన్నాను. నాలుగు తెడ్లు వేశానో లేదో, ఓడ పైనుంచి లియొనెల్ దొర పిలిచాడు.

"ఏయ్, రాజుగారి గోధుమ నీళ్ళపాలు చేస్తావా? అదిగో, ఆ చిన్న ఓడకి ఇచ్చెయ్. అది గినీకి పోతోంది."

"చెడిపోయిన రొట్టండీ, దొరగారూ."

"వెళ్ళేటప్పుడు మనవాళ్ళకి వేరే ఉందిలే. వచ్చేటప్పుడు ఎక్కించుకొచ్చేవాళ్ళకి పెడతారు. వాళ్ళకి అది చాలు."

వాళ్ళెవరో నాకు తెలుసు. లిస్బన్‌లో అందరికీ తెలుసు. ప్రతి ఏటా గినీ తీరం నుంచి మనుషుల్ని ఓడల్లో నింపి తెచ్చి రేవులో అమ్మేవాళ్ళు. నాకు చేతులు నొప్పిగా ఉన్నాయి. దొరతో గొడవెందుకనిపించింది. మా అన్న ఓడలోంచి చెడ్డ రొట్టె దిగింది, అంతకంటే ఏం కావాలి? సంచులతో సహా ఆ చిన్న ఓడకి అందించేశాను. వదినతో, నీళ్ళలో వేశాను, సంచులు చెయ్యి జారి కొట్టుకుపోయాయి అని చెప్పాను. ఆ సంచుల గురించి ఆమె నన్ను ఒక నెల తిట్టింది. నలభై సంచులు పారేసిన మొనగాడు అని బట్టీల దగ్గర నాకు పేరు పడింది. నేనూ నవ్వుతూ పడ్డాను.

మంగళవారం గాలి తిరిగింది. అన్న వెళ్ళిపోయాడు. వదినకి కొరడా దెబ్బలు పడలేదు, ఆ కెప్టెన్ వెళ్ళే తొందరలో మర్చిపోయాడు. గోడ మీద టోపీ పక్కన ఇంకో మేకు కొట్టి ఉంచింది. ఎందుకని అడిగితే, "మీ అన్న వచ్చి తన టోపీ తగిలించుకోడానికి" అంది.

ఆ శీతాకాలానికి ముందు బట్టీలకి కొత్తగా ముగ్గురు బానిసల్ని పంపారు. అందులో ఒకామె వదిన కింద పనికి వచ్చింది. రేవులో పాదిరులు నీళ్ళు చల్లి, లూజియా అని బాప్తిస్మం పేరు పెట్టారు. తన అసలు పేరు తెనెంగ్ అని వదినే కష్టపడి రాబట్టింది. "లూజియా అని పిలిస్తే తల తిప్పదు, తెనెంగ్ అంటే తిప్పుతుంది. ఎవరి పేరు వాళ్ళకుండాలి" అని అందరిచేతా అలాగే పిలిపించింది. పొడగరి, మాట తక్కువ, పిండి పిసకడంలో నెల తిరక్కుండా అందరినీ మించిపోయింది. ఒక్క అలవాటు మాత్రం వింతగా ఉండేది. ఏ రొట్టె ఇచ్చినా విరిచి, వెలుగు వైపు తిప్పి లోపల చూసి, అప్పుడు తినేది. బట్టీల దగ్గరి ఆడవాళ్ళు ఆమెని చూసి వాళ్ళూ రొట్టె విరిచి, కళ్ళు చికిలించి చూస్తూ నవ్వుకునేవాళ్ళు. వదిన కసిరేది. ఎందుకలా చూస్తావని మాత్రం అడగలేదు. ఏడాదిన్నరలో తెనెంగ్‌కి మా మాట బాగానే వచ్చింది. అయినా మాలో ఒక్కరం అడగలేదు.

రెండేళ్ళు గడిచాక ఆగస్టులో అన్న తిరిగొచ్చాడు. నూట ఇరవైలో డెబ్భై ఒక్కరు మిగిలారు. కొందరు జ్వరాలతో, కొందరు చిగుళ్ళు ఉబ్బి, కొందరు పోట్లాటలో పోయారు. రొట్టె వల్ల ఎవరూ పోలేదు. వాడు నల్లబడి, ఎముకల గూడై, గుమ్మంలో నిలబడి మొదట అన్న మాట ఇదీ:

"అది చెట్టు కాదే, తీగ."

వదిన ఏడ్చింది, నవ్వింది, వాణ్ణి రెండు దెబ్బలు వేసింది. వాడి టోపీ లాక్కుని రెండో మేకుకి తగిలించింది.

మర్నాడు బట్టీల దగ్గర ఆవరణలో పొడుగు బల్ల వేసి అందరికీ భోజనం పెట్టింది. కాల్చిన సార్డీను చేపలు, ఉల్లిపాయలు, ఒక పీపా ద్రాక్షసారా. మెసియాని తన పక్కనే కూచోబెట్టుకుంది. తెనెంగ్‌ని ఎదురుగా కూచోమంది. అన్న కబుర్లు చెప్పాడు. తీగలు చెట్లకి పాకడం, నెలల తరబడి నీళ్ళు తప్ప ఏమీ లేకపోవడం. ఒకచోట గొంతు తగ్గింది.

"కొనడానికే వెళ్ళాం. వాళ్ళు ధర చెప్పారు. మా కెప్టెన్ ఫిరంగులతో బేరమాడాడు. ఊరు మూడు రోజులు కాలింది." ఎవరూ ఏమీ అనకముందే వాడే మాట మార్చి, చొక్కా లోపల్నుంచి గుడ్డ మూట తీశాడు. అందులో ఒక రొట్టె. మూడు చుక్కలు, శిలువ. రెండేళ్ళనాటిది, భూమి అవతల పక్కకి పోయి వచ్చింది. వదిన చెవి దగ్గర వేలి ఎముకతో కొట్టాడు.

ఖంగుమంది.

అందరూ బల్ల గుద్దారు. వదిన మొహం వెలిగిపోయింది. లేచి నిలబడి, "నా గుర్తున్న రొట్టె తిని ఇంతవరకు ఒక్కడు పోలేదు!" అంది. ఆ రొట్టెని ముక్కలు చేసి, ప్రసాదంలా అందరికీ తలా కాస్త పంచింది. తెనెంగ్ తన ముక్కని మళ్ళీ విరిచింది. వెలుగు వైపు తిప్పి చూసింది.

అన్న కొత్తగా వచ్చినవాడు. వాడికి వింతగా అనిపించి అడిగాడు. "ఏమ్మా, ఎందుకలా చూస్తున్నావు?"

మేం ఏడాదిన్నరలో అడగని మాట వాడు ఒక్క పూటలో అడిగేశాడు. తెనెంగ్ వదినవైపు చూసింది. ఆమె గొంతు ఎప్పటిలాగే తగ్గి ఉంది.

"ఓడలో మాకు పెట్టిన రొట్టె లోపల పచ్చగా ఉండేది. చీకట్లో కనబడక మొదట తిన్నాం. నా చెల్లెలు పోయింది. నా బిడ్డకి మూడేళ్ళు. రొట్టె నానబెట్టి నేనే తినిపించాను."

"ఏ రొట్టె?" అంది వదిన.

తెనెంగ్ చేతిలో ముక్క మీద ఒక చుక్క మిగిలి ఉంది. దాని మీద వేలు పెట్టింది. "ఇదే. సంచి మీద కూడా ఇదే. నా బిడ్డని ఆ సంచిలోనే చుట్టి నీళ్ళలో వేశారు."

వదిన ఆమెని చూడలేదు. నన్ను చూసింది. అంతమంది ఉన్న బల్ల దగ్గర నన్నొక్కణ్ణే చూసింది.

"సంచులు కొట్టుకుపోయాయన్నావు కదయ్యా, బస్తియాన్" అంది.

కేకలు వెయ్యలేదు. తిడితే బాగుండేది, కొడితే ఇంకా బాగుండేది. జరిగింది జరిగినట్టు చెప్పాను. దొర ఇవ్వమన్నాడని కూడా అన్నాను. నా చెవులకే ఆ మాట అసహ్యంగా వినబడింది. సిగ్గుతో చచ్చిపోయాను, ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ సిగ్గు పోలేదు.

వదిన బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి తెనెంగ్ ముందు మోకాళ్ళ మీద కూచుంది. "మా నాన్న అలాగే పోయాడు. అలా ఇంకొకరు పోకూడదనే ఈ పనిలోకి వచ్చాను. ఒట్టు, తెనెంగ్, ఇక మీద గినీ ఓడకైనా సరే, నేను వినకుండా ఒక్క సంచీ పోదు. అందరికీ మంచి రొట్టే పోతుంది" అంది.

తెనెంగ్ ఆమె చేతులు పట్టుకుంది. కోపం లేదు, ఎగతాళి లేదు. చిన్నపిల్లకి చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది.

"మంచి రొట్టె అయితే ఇంకా ఎక్కువమందిని తెస్తారమ్మా."

అన్న తన ముందున్న రొట్టె ముక్కని పక్కకి జరిపాడు. ఆ ఊరు మూడు రోజులు కాలినప్పుడు ఫిరంగులు పేల్చినవాళ్ళు తిన్నది కూడా వదిన రొట్టే కదా.

మర్నాడు పొద్దున్నే వదిన ఎముక ముల్లు తీసుకెళ్ళి బట్టీలో పడేసింది. పెద్దమ్మ పని వదిలేసింది. తెనెంగ్‌ని తనతో పంపమని రాజుగారి మనుషుల్ని అడిగింది, వేడుకుంది, అరిచింది. బట్టీల బానిస రాజుగారి సొత్తు, ఇవ్వం అన్నారు. నాలుగుసార్లు వెళ్ళింది, నాలుగుసార్లూ అదే మాట.

ఊళ్ళో చిన్న పొయ్యి కట్టుకుని మెత్తటి రొట్టె కాల్చడం మొదలుపెట్టింది. ఒకేసారి కాల్చేది. పొద్దున చేస్తే సాయంత్రానికి తినెయ్యాలి, మర్నాటికి గట్టిపడిపోతుంది. ఇంత చెయ్యి తిరిగినదానివి ఈ పిల్లల రొట్టె కాలుస్తావేంటని మెసియా దెప్పింది. "ఇది నది దాటి ఎక్కడికీ పోదు. అందుకే" అంది వదిన. ఆ రొట్టె చుట్టుపక్కల మూడు ఊళ్ళవాళ్ళు పిలిచి మరీ కొనుక్కునేవాళ్ళు. అన్న మళ్ళీ ఓడ ఎక్కలేదు, ఆమె పొయ్యికి కట్టెలు కొట్టాడు. ఇద్దరి టోపీలూ ఆ గోడకే ఉన్నాయి.

నది దాటాల్సినప్పుడు ఆమె నా పడవ ఎక్కడం మానలేదు. నాతో మాట్లాడ్డం ఒక ఏడాది మానింది, ఆ తర్వాత మామూలుగా తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు విన్నరోజు నేను పడవలో కూచుని ఏడ్చాను.

ప్రతి ఆదివారం పూజ అయ్యాక ఒక వేడి రొట్టె గుడ్డలో చుట్టుకుని బట్టీలకి వెళ్ళేది. బతికున్నన్నాళ్ళూ ఒక్క ఆదివారం తప్పలేదు. ముసలితనంలో నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆ రొట్టె మీద ఏ గుర్తూ ఉండేది కాదు. తెనెంగ్ అది రెండు చేతులతో తీసుకునేది, ఆమెని పక్కన కూచోబెట్టుకునేది, ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు.

తినేముందు మాత్రం తెనెంగ్ ప్రతిసారీ దాన్ని తుంచేది. వెలుగు వైపు తిప్పి, లోపల చూసి, అప్పుడు తినేది. వదిన పక్కనే కూచుని, ఆమె చూడ్డం అయ్యేదాకా ఆగేది.